పాలలో పండు వాసన

ఆ డెయిరీలో యంత్రాలకు కొదవ లేదు. వెన్న శాతం చెప్పేదొకటి, నీళ్లు కలిపితే పట్టేసేదొకటి, చల్లదనం కొలిచేది ఇంకొకటి. ఇన్ని ఉన్నా, పాలు వాటి దాకా వెళ్లాలంటే ముందు ఒక మనిషి ముక్కు ఒప్పుకోవాలి. ఆ మనిషిని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

పని చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. వ్యాను వచ్చి అరుగుకు ఆనుకుంటుంది. క్యాన్లు రోలర్ల మీద గడగడమంటూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మేస్త్రి రబ్బరు సుత్తితో మూత అంచున ఒక్కటిచ్చి, మూత ఎత్తి, ముఖం వంచుతాడు. మూత కింద చేరిన గాలి చెదిరిపోయేలోగా వాసన పట్టేయాలి. బాగుంటే "ఊఁ" అంటాడు. బాగోకపోతే ఏమీ అనడు. ఆ మౌనం విని పక్కనున్న కూలీ క్యానును అవతలికి లాగి, ఎర్రబిళ్ల తగిలించి, పాలు ఇంకో చోట అమ్ముడుపోకుండా గరిటెడు నీలిరంగు పోసేస్తాడు. ముక్కు కాదన్న పాలను ల్యాబ్ ముట్టుకోదు. ఇరవై ఆరేళ్లుగా అదే పద్ధతి.

ఆ ముక్కును ఆయన పసిబిడ్డను సాకినట్టు సాకాడు. పౌడరు లేదు, సెంటు లేదు, సబ్బయినా వాసన లేనిదే. ఇంట్లో ఉల్లిపాయలు వేగుతుంటే లేచి వీధి గుమ్మంలోకి పోయి నిలబడేవాడు. నన్ను మీకిచ్చి చేశారో మీ ముక్కుకిచ్చి చేశారో ఇప్పటికీ అర్థం కావడం లేదని భార్య ఎత్తిపొడిచేది.

అయితే అంత నిష్ఠలోనూ ఒక చిల్లు ఉండేది. రోజుకు మూడు సిగరెట్లు. మూడూ డ్యూటీ దిగాకే. కాల్చి, పళ్లు తోముకుని, మీసం కడుక్కుని, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు అరుగెక్కేవాడు. పోయినేడు దగ్గు పట్టుకుని వదల్లేదు. సిగరెట్లు మానమని డెయిరీ డాక్టరమ్మ చెప్పింది. సరేనన్నాడు, మానలేకపోయాడు. ఆ సమయంలో ఫోన్ల కొట్టు నడిపే బావమరిది అడ్డం పడ్డాడు.

"బావా, ఇది పొగ కాదు, ఆవిరి. జలుబు చేస్తే నువ్వు ఆవిరి పట్టవూ? ఇదీ అంతే. కాకపోతే జేబులో పడుతుంది" అని ఒక పెన్నులాంటిది చేతిలో పెట్టాడు.

దాన్ని వేప్ అంటారని, బూడిద రాలదని, గోడలు నల్లబడవని, ఇంట్లో వాళ్లకు తెలియను కూడా తెలియదని ఊదరగొట్టాడు. కొట్టు అద్దాల వెనక అవి వరసగా పేర్చి ఉన్నాయి, బడిపిల్లల పెన్సిల్ డబ్బాల రంగుల్లో. స్ట్రాబెరీ, పుచ్చకాయ, పుదీనా. మేస్త్రికి వచ్చింది మంచుమామిడి. ఒక్క దమ్ము లాగి చూశాడు. దగ్గు రాలేదు. గొంతులో చల్లగా తగిలింది. అంతే, పెద్ద గండం గట్టెక్కిందనుకున్నాడు.

సిగరెట్టుతో ఒక సుఖం ఉంది, అది అయిపోతుంది. మూడు సిగరెట్లకు మూడు ముగింపులు. దీనికి ముగింపు లేదు. లేవగానే రెండు దమ్ములు, బస్సు ఎక్కేముందు రెండు, టీ తాగి రెండు. పొగ కాదు కదా అన్న ధైర్యం ఒకటి. పొగ కానిదానికి డ్యూటీ ఏమిటి, డ్యూటీ దిగడం ఏమిటి? మూడో వ్యాను దిగాక పాలట్యాంకు మార్చడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ బాయిలరు గది వెనక, ఖాళీ ట్రేల చాటున, మేస్త్రి ఆవిరి పట్టేవాడు. కళ్లు తిరిగేంత కాదు, మనసు కుదురుకునేంత. ఆ కుదురు నెలనెలా ఇంకాస్త ఎక్కువ అడుగుతోందని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

నాలుగో వ్యానులోంచి మొదట దిగేది, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ క్యాను. ఆ దారిలో ఆవిడదే చివరి ఇల్లు. చివర ఎక్కింది ముందు దిగుతుంది. అరవై అయిదేళ్ల మనిషి, తొమ్మిది ఆవులు, ఇంట్లో ఒక కోడలు. కొడుకు లారీ తోలతాడు కాబట్టి ఇంట్లో ఉండే రోజులు తక్కువ. పద్నాలుగేళ్లుగా ఆవిడ క్యానుకు ఎర్రబిళ్ల పడలేదు. మేస్త్రి ఆ క్యానుకు ముఖం వంచకుండానే "ఊఁ" అనేస్తాడని కూలీలు హాస్యమాడేవారు. కానీ వంచేవాడు. ఎవరికైనా వంచేవాడు.

ఆ మంగళవారం ఆ క్యాను మూత ఎత్తగానే పండు వాసన కొట్టింది.

పాలలో పండు వాసన అంటే ముద్దుగా ఉంటుంది గానీ, అది పాడు లక్షణం. క్యాను సరిగా కడగక, ఆ పాలు చల్లగా ఎక్కువసేపు నిలవుంటే ఒక జాతి క్రిములు పెరుగుతాయి. వాటివల్ల పాలు మాగిన పండులా కమ్మగా వాసన వేస్తాయి. మామూలు వాడికి దొరకదు. మేస్త్రి తన సర్వీసులో నాలుగుసార్లు పట్టాడు, నాలుగుసార్లూ ఆ ఇళ్లకు వెళ్లి క్యాన్లు చూసొచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఇది అయిదోసారి. ఆయన ఏమీ అనలేదు. కూలీ ఒక క్షణం ఆగి, మేస్త్రి ముఖంలోకి చూసి, నీలిరంగు గరిటె అందుకున్నాడు.

క్యాను కడగడం బాగా లేదని డ్రైవరు చేత కబురు పంపారు. బుధవారం అదే క్యాను, అదే వాసన. నెలలో మూడుసార్లు ఎర్రబిళ్ల పడితే పాలు పోసే కార్డు తీసేస్తారు, ఆరు నెలలదాకా ఆ ఇంటి పాలు డెయిరీ తీసుకోదు. తొమ్మిది ఆవుల పాలు అన్నాళ్లు ఎవరు తాగుతారు? మేస్త్రికి బాధగానే ఉంది. కానీ ముక్కుకు మొహమాటం ఉండకూడదని ఆయన సిద్ధాంతం.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి క్యాంటీన్‌లో ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎనిమిదేళ్ల కిందట చేరినప్పుడు వాసనలు పట్టడం ఆమెకు నేర్పింది మేస్త్రే. అప్పటినుంచి అన్నయ్యా, చెల్లెమ్మా అనే వరస. చుట్టూ చూసి, రంగు పోయకముందే ఆ క్యానులోంచి గరిటెడు పాలు తీశానని మెల్లగా చెప్పింది. పద్ధతి కాదని తెలుసట. అయినా తీసిందట. అన్ని పరీక్షలూ చేసిందట. పాలు కడిగిన ముత్యంలా ఉన్నాయట.

మేస్త్రి అన్నం ముద్ద కంచంలో పెట్టేశాడు. యంత్రానికి అందనిది ముక్కుకు అందుతుందని ఆమెకు చెప్పింది తనే కదా అన్నాడు. ఆమె తల ఊపింది. నిన్న రెండో వ్యానులోంచి ఒక క్యాను ఆయన "ఊఁ" అన్నాక ల్యాబ్‌కు వచ్చిందని, అది పులుపు తిరిగి ఉందని, గొడవ కాకుండా తనే పక్కన పెట్టించిందని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె ఆయన వంక చూడలేదు.

"మంచివాటిలో వాసన ఉందంటున్నారు, చెడ్డవాటిలో లేదంటున్నారు. ఒంట్లో బాగుందా అన్నయ్యా?"

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన ముక్కు మీద అనుమానం ఉంటే గ్లాసుల పరీక్ష పెట్టుకోమన్నాడు. ఆరు నెలలకోసారి వాసన పట్టేవాళ్లకు పెట్టే పరీక్ష అది. నంబర్లు వేసిన స్టీలు గ్లాసులకు చిల్లులున్న రేకు మూతలు పెట్టి ఇస్తారు, లోపల ఏముందో కనబడదు, వాసనతోనే ఏది ఏమిటో రాయాలి. ఆయన ఒక్కటీ తప్పిన చరిత్ర లేదు. ఇప్పుడే వస్తానని చెప్పి బాయిలరు గది వెనక్కి వెళ్లి, నాలుగు దమ్ములు లాగి, కోపం చల్లార్చుకుని ల్యాబ్‌లోకి వచ్చాడు.

గ్లాసులు అయిదు. మొదటిదాని మూత చిల్లు దగ్గర వాసన చూసి, పండు అని రాశాడు. రెండోదానికి, కొద్దిగా పండు. మూడు, నాలుగు, అయిదు బాగున్నాయని రాసి కాగితం ఆమె ముందుకు తోశాడు, ఇప్పుడేమంటావన్నట్టు.

ఆమె కాగితం చదివి మడతపెట్టింది. అన్ని మూతలూ తీసి ముందర పెట్టింది. మొదటి రెండూ కాచి చల్లార్చిన నీళ్లు. అయిదోది పొద్దుటినుంచి కిటికీలో ఎండకు పెట్టిన పాలు. అంచున అప్పటికే విరుగు కనబడుతోంది.

మేస్త్రి నీళ్ల గ్లాసును మళ్లీ ఎత్తి వాసన చూశాడు. మామిడి. గ్లాసు దించి తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మామిడి. చొక్కా చేయి, మీసం, గొంతు లోపలి గోడలు, అంతా ఒకే తోట. దమ్ములు పెరిగిన ఈ వారం నుంచి, పీల్చి వచ్చాక ముందు ఎత్తిన క్యానులో తన వాసనే తనకు తగిలేది. ఒకటి రెండు క్యాన్లయ్యేసరికి ముక్కు దానికి అలవాటు పడి ఊరుకునేది, కానీ దాని మాటున పులుపు కూడా తెలియకుండా పోయేది. పది నిమిషాల విరామం తర్వాత ముందు ఎత్తేది పెద్దమ్మ క్యాను. పండు వాసన ఒక జబ్బని తెలియని వాడైతే 'భలే ఉందే' అని వదిలేసేవాడు. తెలిసినవాడు కాబట్టి తప్పులో కాలేశాడు.

జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. తన ఆడపడుచు కూతురి బడిసంచిలో కూడా ఇలాంటిదే దొరికిందని, అందరూ రంగుల మార్కరు అనుకున్నారని మాత్రం అంది.

తర్వాత ఆమె చెప్పిన ఉపాయం సులువుగానే ఉంది. రేపు ఈ పెన్ను ఇంట్లో పెట్టి రావాలి. పెద్దమ్మ క్యానుకు "ఊఁ" అనాలి. తక్కినవి వారం రోజులపాటు తను ల్యాబ్‌లో రెండుసార్లు చూసుకుంటుంది. అంతటితో సరి, ఎవరికీ తెలియనక్కర్లేదు. తెలిస్తే మాత్రం మేస్త్రిని అరుగు దింపేస్తారు. వాసన తెలియని ముక్కుకు డెయిరీలో ఏం పని? మేస్త్రి సరేనన్నాడు.

గురువారం పెన్ను లేకుండా వచ్చాడు. రెండో వ్యానుకే అరచేతులు చెమట పట్టాయి. క్యాన్ల చప్పుడు చెవుల్లో సుత్తితో కొట్టినట్టుంది. సుత్తి తిన్నగా ఇవ్వలేదని కూలీ మీద ఊరికే విరుచుకుపడ్డాడు. పది నిమిషాల విరామంలో కాళ్లు వాటంతటవే బాయిలరు గది వైపు నడిచాయి. వెళ్లి, ఖాళీ చేతులు చూసుకుని వెనక్కి వచ్చాడు. మూడు సిగరెట్లప్పుడు ఇంత లేదు. ఆవిరి మనిషిని ఇలా పట్టుకుంటుందా అని ఆయనకు మొదటిసారి భయం వేసింది.

నాలుగో వ్యాను వచ్చింది. డ్రైవరు పక్కనుంచి పెద్దమ్మ దిగింది. పద్నాలుగేళ్లలో డెయిరీ గడప ఆవిడ తొక్కింది రెండోసారో మూడోసారో. ఉతికి ఆరేసిన చీర కట్టుకుని, అరుగు కింద రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది. బడిలో పిల్ల మార్కుల కోసం వచ్చిన తల్లిలా ఉంది.

మేస్త్రి మూత ఎత్తాడు. పాలు పాలలాగే ఉన్నాయి. "ఊఁ" అన్నాడు.

ఆవిడ ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. అక్కడితో వెళ్లిపోతే ఈ కథ లేదు. ఆవిడ మంచి మనిషి, మంచివాళ్లకు కృతజ్ఞత చెప్పకపోతే నిద్ర పట్టదు. అరుగు దగ్గరికి జరిగి అందరూ వినేలా చెప్పింది.

"నీ పుణ్యాన దొంగ దొరికింది నాయనా. నా కోడలు. నేను కడుగుతున్నంత కాలం ఒక్క మాట రాలేదు. మోకాళ్ల నొప్పులని మొన్న వారమే క్యాన్లు దాని చేతికిచ్చా. రెండ్రోజులు దులిపి వదిలిపెట్టా. నిన్న సోడా వేసిన వేడినీళ్లతో నాలుగుసార్లు తోమించా, చేతులు బొబ్బలెక్కాయి. ఎక్కితే ఎక్కనీ, పని తెలియాలిగా. నేను కడిగానత్తయ్యా, కడిగానత్తయ్యా అని ఒకటే ఏడుపు. అబద్ధాలు కూడానూ. ఇక ఆవుల జోలికే రానివ్వను. వాడొచ్చాక వాడితో చెప్పి పుట్టింటికి పంపుదామనుకుంటున్నా, నాలుగు నెలలుండి బుద్ధి తెచ్చుకుంటుంది."

కూలీలు నవ్వారు. డ్రైవరు కోడళ్ల మీద ఏదో ఛలోక్తి విసిరాడు. తర్వాతి క్యాను వచ్చి మేస్త్రి చేతికి తగిలి ఆగింది. వెనక క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ల్యాబ్ కిటికీలోంచి చెల్లెమ్మ చూస్తోంది. ఆమె తల అడ్డంగా కొంచెం కదిలింది, వద్దన్నట్టు.

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు.

"పెద్దమ్మా, నీ పాలు మొన్నా బాగున్నాయి, నిన్నా బాగున్నాయి. క్యాను బాగుంది. చెడిపోయింది నా ముక్కు."

ఆవిడకు అర్థం కాలేదు. మేస్త్రి మళ్లీ చెప్పాడు, ఈసారి విడమరిచి. వేప్ సంగతి, బాయిలరు గది సంగతి, నీళ్ల గ్లాసులో మామిడిపండు సంగతి. ఇరవై ఆరేళ్లలో ఆ అరుగు మీద ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. కూలీలు నవ్వడం మానేశారు. పెద్దమ్మ ఆయన్ని తిట్టలేదు. నీలిరంగు మరకలున్న గచ్చు వైపు చూసి, "రెండు రోజుల పాలు" అంది. తర్వాత, "దాన్ని నానా మాటలన్నాను" అంది. వెళ్లి వ్యాను ఎక్కి కూర్చుంది.

మేనేజరు ఆ పూటే మేస్త్రిని అరుగు దింపి, క్యాన్లు కడిగే చోట వేశాడు. గ్లాసుల పరీక్ష మళ్లీ నెగ్గితే అప్పుడు చూద్దామన్నాడు, నెగ్గకపోతే అన్న మాట అనలేదు. ఆ ఇంటి కార్డు మీద పడిన రెండు ఎర్రగుర్తులు కొట్టేయించాడు. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పొమ్మన్నాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. అది ఉత్త ఆవిరి కాదని, అందులో నికోటిన్ ఉందని, గుండె వేగం పెంచేదీ, చేతులు వణికించి మళ్లీ కావాలనిపించేదీ అదేనని చెప్పింది. సిగరెట్టులో ఉండే విషాల్లో కొన్ని ఇందులో తక్కువే, ఆ మాట నిజమే అంది. తక్కువంటే లేనట్టు కాదంది. ఆ ద్రవం వేడెక్కితే గొంతునూ ఊపిరితిత్తులనూ రేపే పదార్థాలు పుడతాయి, సన్నటి లోహపు రజను కూడా లోపలికి పోవచ్చు. తినడానికి పనికొచ్చే సువాసన పీల్చడానికి కూడా పనికొస్తుందనుకోవడం పొరపాటు. ఇవి వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు కాబట్టి, ముప్పై ఏళ్లు పీల్చినవాడి గతేమిటో చెప్పడానికి అలాంటివాడు ఇంకా లేడు.

"మిమ్మల్ని మానమన్నాను. మార్చమనలేదు" అంది చివరికి.

మేస్త్రి తలొంచుకుని, ముక్కు మళ్లీ మామూలవుతుందా అని అడిగాడు. ఒంటి మీద వాసన కడిగితే పోతుంది, లోపలి సంగతి నెలలు గడిస్తే గానీ తెలియదు, నేను మాట ఇవ్వను అంది. నమలడానికి ఒక రకం గమ్ రాసిచ్చి, వారం వారం వచ్చి కనబడమంది. బావమరిదికి ఆ సాయంత్రమే ఫోను చేశాడు. బడిపిల్లలకు అమ్మడం లేదు కదా అని ఒకటే ప్రశ్న. ఎవరి వయసు వాళ్ల ముఖం మీద రాసుంటుందా బావా అని అవతల నవ్వు. మేస్త్రి నవ్వలేదు. అసలు వాటిని అమ్మడమే నిషేధమట, అవి అద్దాల వెనకనుంచి తీసేసేదాకా నీ కొట్టు గుమ్మం తొక్కనన్నాడు. వాడు తీస్తాడన్న నమ్మకం ఆయనకేమీ లేదు.

అక్కడికి అందరికీ చెప్పినట్టే. కానీ మర్నాడు పొద్దున్న క్యాన్లు కడుగుతూ సోడా నీళ్లలో చేతులు పెట్టగానే మంట పుట్టింది. ఒక్క రోజు పనికే వేళ్ల సందులు ఎర్రబడ్డాయి. నాలుగుసార్లు తోమిన చేతులు ఎలా ఉంటాయో అప్పుడు తట్టింది. డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా, ఆ చివరి ఇంటి దారి పట్టిన ఊరిబస్సు ఎక్కాడు.

కోడలు కొట్టం బయట గడ్డి మోపు విప్పుతోంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. రెండు అరచేతులకూ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. మేస్త్రి తనెవరో చెప్పాడు. ఆమె పైట సర్దుకుని, లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అత్తగారు ఏమైనా చెప్పిందా అని అడిగాడు. నిన్న వచ్చినప్పటినుంచి అత్తయ్య మాట్లాడటం లేదని, అన్నం మాత్రం తనే వడ్డించిందని, క్యాన్లు తనే కడుక్కుందని, ఎందుకో తెలియదని అంది.

పెద్దమ్మకు నోట మాట రాలేదన్నమాట. దులపడం వచ్చినంత సులువుగా రెండో మాట రాదు, ఎవరికైనా. మేస్త్రి గడ్డి మోపు పక్కనే నిలబడి, మొత్తం చెప్పాడు. నువ్వు కడిగిన క్యానులో ఏ లోపమూ లేదమ్మా, రెండు రోజులూ పాలు శుభ్రంగా ఉన్నాయి, వాసన నా ఒంటిది, తప్పు నాది అన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదు. గుడ్డ చుట్టిన చేత్తో ముఖం మీద పడ్డ గడ్డిపరక తీసేసుకుంది. పక్కింటి ప్రహరీ మీదుగా ఇద్దరు ఆడవాళ్లు బట్టలు ఆరేస్తూ ఇటే చూస్తున్నారు. మొన్న అత్తగారు దులిపినప్పుడూ వాళ్లు అక్కడే ఉండి ఉంటారు. కొట్టం లోపల పాలు పితుకుతున్న చప్పుడు ఆగింది.

"బాబాయ్, ఆ మాట ఇంకోసారి చెప్పండి" అంది. "కాస్త గట్టిగా."

మేస్త్రి ప్రహరీ వైపు తిరిగాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, గొంతు సవరించుకుని, మొదటినుంచి మొదలుపెట్టాడు.